రక్తం పెరగకపోతే ముందు నీళ్లు చూడండి

ఉమ్మడి అనంతపురం జిల్లాలో డయాలసిస్ కేంద్రాలు నడిపేవారికి, ఆ కేంద్రాలున్న ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

డయాలసిస్ రోగి కేస్ షీటులో ఒక వరస తరచూ కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ 7.8. నెల తిరిగేసరికి 7.4. వారానికి రెండున్న ఎరిత్రోపొయెటిన్ (రక్తం పెంచే హార్మోను) సూదులు మూడవుతాయి. మరో నెలకు 7.1. అప్పుడు ఒక యూనిట్ రక్తం ఎక్కిస్తారు, అంకె ఎనిమిది దాటుతుంది, కొన్ని వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. సూది డోసు రాసిన చోట, రక్తం ఎక్కించిన తేదీ రాసిన చోట, ఎందుకు పెరగలేదన్న మాట మాత్రం ఎవరూ రాయరు.

మేము డయాలసిస్ యంత్రాల దగ్గర, ఆర్వో ప్లాంట్ల దగ్గర, రక్తపరీక్షల ల్యాబుల్లో పనిచేసేవాళ్లం. రక్తం పెరగకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇనుము చాలకపోవడమో, ఎక్కడో చీము పట్టి ఉండడమో అన్నది మాకూ తెలుసు. అవి చూశాక కూడా జవాబు దొరకని రోగుల సంగతే ఈ ఉత్తరం. వాళ్లలో కొందరికి కారణం మిల్లీగ్రాములో వందో వంతు లెక్కన ఉంటుంది. నీళ్లలోంచి ఒంట్లోకి చేరే అల్యూమినియం, క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్ ఒక పక్క. ఒంట్లో తగ్గిపోయే జింకు, రాగి, సెలీనియం ఇంకో పక్క. ఈ రెండు పక్కలూ చూసే పద్ధతి మన కేంద్రాల్లో ఉండాలని అడుగుతున్నాం.

నీళ్ల లెక్కతో మొదలుపెడతాం. యంత్రంలో డయాలసిస్ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్లు పారుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు, వారానికి మూడుసార్లంటే 360 లీటర్లు. మన ఎండల్లో ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకు మూడు లీటర్లు తాగినా వారానికి 21 లీటర్లే. పైగా తాగిన నీళ్లు పేగు దాటి రావాలి, ఎక్కువైనది కిడ్నీ బయటకు పంపుతుంది. డయాలసిస్‌లో పేగు లేదు, కిడ్నీ లేదు, రక్తానికీ ఆ ద్రవానికీ మధ్య పలచటి పొర ఒక్కటే. అల్యూమినియం లాంటిది ఆ పొర దాటగానే రక్తంలోని ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీను పట్టేసుకుంటుంది. అలా అతుక్కున్నది తిరిగి ద్రవంలోకి రాలేదు. అందుకే నీళ్లలో ఎంత తక్కువున్నా అది ఒక వైపుకే నడుస్తుంది, నెలల తరబడి పేరుకుంటుంది.

కాబట్టి "తాగేందుకు పనికొస్తుంది" అనే రిపోర్టు డయాలసిస్‌కు సరిపోదు. మన జిల్లాకు బాగా తెలిసిన ఫ్లోరైడునే తీసుకోండి. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండొచ్చు, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. డయాలసిస్ నీళ్లలో 0.2 దాటకూడదు. బోరు నీళ్లలో 3 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. ఆర్వో పొర కొత్తగా ఉండి నూటికి 95 వంతులు ఆపితే 0.15 మిగులుతుంది, గట్టెక్కినట్టే. అదే పొర పాతబడి 90 వంతులే ఆపితే 0.3. ప్లాంటు నడుస్తూనే ఉంటుంది, టీడీఎస్ మీటరు కంగారు పడాల్సిన అంకె ఏదీ చూపించదు, ఎందుకంటే ఆ మీటరు మొత్తం లవణాలను చెబుతుందే గానీ అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పదు. 1993లో షికాగోలో ఒక డయాలసిస్ యూనిట్‌లో నీటిశుద్ధి రెజిన్ అయిపోయినా చూసుకోలేదు. అది అప్పటిదాకా పట్టి ఉంచిన ఫ్లోరైడునంతా ఒక్కసారిగా వదిలేసింది, ముగ్గురు చనిపోయారు. గుండె లయ తప్పడం వల్ల వచ్చిన చావులవి.

నైట్రేటుదీ ఇదే తీరు. తాగునీటిలో 45 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. నైట్రోజన్‌గా లెక్కగడితే అది సుమారు 10. డయాలసిస్‌కు హద్దు 2. ఎరువులు దిగిన బోరుల్లో నైట్రేటు ఎక్కువగా ఉంటుంది, ఆర్వో పొర దీన్ని మిగతా వాటికన్నా తక్కువగా ఆపుతుంది. రక్తంలో అది చేసే పని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మార్చడం. పరీక్షలో హిమోగ్లోబిన్ అంకె బాగానే ఉంటుంది, రోగి పెదాలు మాత్రం నీలం తిరుగుతాయి.

అల్యూమినియం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, రక్తహీనతతో అది నేరుగా ముడిపడి ఉంది. మున్సిపల్ ఫిల్టర్‌బెడ్లలో బురద దిగడానికి పటిక వేస్తారు. పటికంటే అల్యూమినియం సల్ఫేటే. వానలకు కాలువ నీళ్లు ఎర్రగా వచ్చినప్పుడు పటిక ఎక్కువ పడుతుంది. డయాలసిస్ నీళ్లలో అల్యూమినియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అది ఒంట్లో చేరితే ట్రాన్స్‌ఫెరిన్ మీద ఇనుము కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది, హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టుకునే హీమ్ తయారీని అడ్డుకుంటుంది. ఎర్రకణాలు చిన్నవవుతాయి. ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) తగ్గడం చూసి ఇనుము లోపమని అనుకుంటాం, ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ చూస్తే నిండుగా ఉంటుంది. ఈ రెండూ ఒకే రోగిలో కనిపించి, ఎరిత్రోపొయెటిన్ పనిచేయకపోతే, రక్తంలో అల్యూమినియం ఎంతుందో చూడాలి. లీటరుకు 20 మైక్రోగ్రాముల లోపే ఉండాలి. ఇంకా ముదిరితే ఎముకలు నొప్పెడతాయి, మాట తడబడుతుంది, ఫిట్స్ వస్తాయి. 1996లో కురసావ్ ద్వీపంలో కొత్తగా వేసిన సిమెంటు పూత పైపులోంచి అల్యూమినియం దిగి పదిమంది డయాలసిస్ రోగులు చనిపోయారు. అక్కడ తప్పు చేసింది ఒక పైపు.

ఇక్కడే ల్యాబు రిపోర్టుల్లో ఒక చిక్కుంది, దయచేసి ఈ వరుస రెండుసార్లు చదవండి. తాగునీటి ప్రమాణంలో అల్యూమినియం హద్దు 0.03. తాగునీటి కోసం పెట్టుకున్న పద్ధతిలో కొలిచే ల్యాబు 0.03 కంటే తక్కువున్నదాన్ని చూడలేకపోవచ్చు. అప్పుడు రిపోర్టులో "గుర్తించలేదు" అని వస్తుంది. నీళ్లలో 0.025 ఉన్నా అదే మాట వస్తుంది, అంటే మన హద్దుకు రెండున్నర రెట్లు ఉన్నా కాగితం శుభ్రంగానే కనిపిస్తుంది. నమూనా పంపేటప్పుడే "మీ పద్ధతిలో కనిపించే అతి తక్కువ మోతాదు ఎంత" అని రాతపూర్వకంగా అడగండి. అల్యూమినియానికి 0.005 దాకానైనా కొలవగలగాలి, అతి తక్కువ లోహాన్నీ కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రమున్న గుర్తింపు పొందిన ల్యాబుకే పంపాలి. మండలాల్లో ఫ్లోరైడు చూసే గ్రామీణ నీటి ల్యాబులు ఎంతో ఉపయోగపడుతున్నాయి, కానీ ఈ పని వాటిది కాదు.

నీళ్లొక్కటే అనుకోవద్దు. కడుపు మంటకు తాగే జెల్ సిరప్‌లు చాలావాటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. దాంతోపాటు నిమ్మరసమో, సిట్రేటు ఉన్న మందో తీసుకుంటే పేగు అల్యూమినియాన్ని ఎన్నోరెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. డయాలసిస్ రోగి సంచిలో ఏ సిరప్ ఉందో నర్సు నెలకొకసారి చూడాలి. అడిగితే "గ్యాస్ మందేలే" అంటారు, అందుకే సీసా చేతికి తీసుకుని లేబుల్ చదవాలి.

ఇక క్లోరిన్. రోజూ చేయాల్సిన పరీక్ష ఇది, తప్పితే అదే రోజు ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే. బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్, అది అమ్మోనియాతో కలిసి తయారయ్యే క్లోరమిన్, రెండింటినీ ఆర్వో పొర ఆపలేదు. ఆపాల్సింది దానికి ముందున్న కార్బన్ ట్యాంకు. క్లోరమిన్ రక్తంలోకి వెళ్తే ఎర్రకణాలు చిట్లుతాయి. కొద్దికొద్దిగా వెళ్తుంటే కంటికేమీ కనిపించదు, నెలనెలా హిమోగ్లోబిన్ కారిపోతుంది, మనం ఎరిత్రోపొయెటిన్ పెంచుకుంటూ పోతాం.

కార్బన్ ఎంతుండాలో లెక్క సులువు. ఆర్వోకు గంటకు 1000 లీటర్లు వెళ్తే నిమిషానికి సుమారు 17 లీటర్లు. నీళ్లు కార్బన్‌ను కనీసం 10 నిమిషాలు తాకుతూ పోవాలి కాబట్టి 170 లీటర్ల కార్బన్ కావాలి. దాన్ని వరుసగా రెండు ట్యాంకుల్లో చెరి 85 లీటర్లు పెట్టాలి. 13 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తున్న ఒకే ట్యాంకు పెట్టి మూడింట రెండు వంతులు నింపితే పట్టేది 70 లీటర్లు, దొరికేది నాలుగు నిమిషాలు. అది చాలదు. రెండో ట్యాంకు ఎందుకంటే, మొదటిది అయిపోయిందని తెలిసిన రోజు కూడా ఆ షిఫ్టు రోగులను కాపాడుకోవడానికి.

పరీక్ష ఇలా చేయాలి. ఉదయం ఆరుకు మొదటి షిఫ్టు అయితే ఐదుకే ప్లాంటు ఆన్ చేసి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నడవనివ్వాలి. రాత్రంతా కదలకుండా నిలిచిన నీటిని కొలిస్తే నిజం తెలియదు. రెండు కార్బన్ ట్యాంకుల మధ్య ఉన్న కొళాయి తిప్పి, కాసేపు పారనిచ్చి, కడిగిన గాజు సీసాలో 10 మిల్లీలీటర్లు పట్టాలి. సీసా బయట వేలిముద్రలు తుడవాలి. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తేల్చే డీపీడీ మందు వేసి, కిట్ చెప్పినంత సేపు ఆగి, తెల్లకాగితం ముందు పెట్టి చూడాలి. మీటరుంటే ఇంకా మంచిది. కొలవాల్సింది టోటల్ క్లోరిన్. ఫ్రీ క్లోరిన్ ఒక్కటే కొలిచే కిట్ క్లోరమిన్‌ను చూపించదు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే వెంటనే రెండో ట్యాంకు తర్వాత కొలవాలి. అక్కడా దాటితే ఒక్క రోగికి కూడా సూది గుచ్చకూడదు. అక్కడ బాగుంటే ఆ షిఫ్టు నడుపుతూ, గంట గంటకూ కొలుస్తూ, మొదటి ట్యాంకు కార్బన్ మార్పించాలి. ప్రతి షిఫ్టుకు ముందు ఇదంతా మళ్లీ చేయాలి. ట్యాంకరు నీళ్లు దించిన రోజు, మున్సిపాలిటీ బ్లీచింగ్ ఎక్కువ వేసిన రోజు ఇంకొకసారి చేసినా తప్పులేదు. ట్యాంకరులోకి చేత్తో విసిరే పౌడరుకు కొలత ఉండదు.

రిజిస్టరు తనిఖీ చేసే అధికారులకు ఒక్క మాట. నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ముప్పై రోజులూ "0.0" అని ఉంటే ఆ పరీక్ష జరగలేదని అనుకోండి. వాడిన కిట్ మాత్రల లెక్కను రిజిస్టరులోని పరీక్షల లెక్కతో పోల్చి చూడండి, తేలిపోతుంది.

ఎర్రకణాలు ఒక్కసారిగా చిట్లితే యంత్రం దగ్గరే తెలుస్తుంది. రోగికి తిరిగి వెళ్లే గొట్టంలో రక్తం మామూలుగా ముదురుగా, చిక్కగా కనిపిస్తుంది. చిట్లినప్పుడు అది దానిమ్మ రసంలా తేటగా, మెరుస్తూ ఉంటుంది. రోగి నడుం నొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం అంటాడు. అప్పుడు పంపు ఆపి, రెండు గొట్టాలకూ క్లాంపు పెట్టాలి. గొట్టాల్లోని రక్తం వృథా అవుతుందని తిరిగి ఎక్కించకూడదు, చిట్లిన కణాల్లోంచి వచ్చిన పొటాషియం అందులో ఉంటుంది, గుండె ఆగిపోవచ్చు. డాక్టరును పిలిచి ఈసీజీ తీయాలి, పొటాషియం, హిమోగ్లోబిన్ పంపాలి, డయాలసిస్ ద్రవం నమూనా దాచాలి. ఆ తర్వాత క్లోరిన్, ద్రవం వేడి, కండక్టివిటీ (ద్రవంలో లవణాల మోతాదు చెప్పే అంకె), గొట్టం ఎక్కడైనా మడత పడిందా, డయలైజర్ (రక్తం శుద్ధి చేసే ఫిల్టరు) కడిగిన మందు మిగిలిందా అన్నవి వరుసగా చూడాలి. అదే సమయంలో పక్క మంచాల వాళ్లకూ ఉంటే కారణం నీళ్లలోనే వెతకాలి.

ఆర్వో తర్వాత వచ్చే నీళ్లకు లవణాలు లేక ఆకలి ఎక్కువ, తగిలిన లోహాన్నల్లా కరిగించుకుంటాయి. కాబట్టి ఆర్వో దాటాక రాగి, ఇత్తడి, జీఐ పైపు, సిమెంటు తొట్టి ఏదీ ఉండకూడదు. ఒక్క ఇత్తడి వాల్వు కూడా వద్దు. రిపేరుకు వచ్చిన ప్లంబరు చేతిలో ఉన్నది బిగించి పోతాడు, ఆయన తప్పు కాదు, ఎవరూ ఆయనకు చెప్పి ఉండరు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, ఇందుకు తగిన ప్లాస్టిక్ గానీ వాడాలని ప్లాంటు గది తలుపు మీద రాసిపెట్టండి.

ఇప్పుడు ఒంట్లో తగ్గేవాటి సంగతి. డయాలసిస్ రోగుల్లో చాలామందికి జింకు తక్కువగా ఉంటుంది. మాంసం తగ్గించి ఉంటారు, ఫాస్ఫరస్ కట్టే మాత్రలు కొంత జింకునూ కట్టేస్తాయి, రాగులు, జొన్నల్లోని ఫైటేటు పేగులో దాన్ని పట్టి ఉంచుతుంది. "సంగటి తింటుంటే మట్టి తిన్నట్టుంది" అనే రోగి మాట వింటే జింకు గుర్తుకు రావాలి. ఆకలి పోవడం, పుండ్లు మానకపోవడం, ఎరిత్రోపొయెటిన్‌కు రక్తం పలకకపోవడం మిగతా గుర్తులు. లోపం తేలి జింకు ఇస్తే కొందరికి సూది డోసు తగ్గించగలిగినంత మేలు జరుగుతుంది.

అయితే జింకు మాత్ర మొదలుపెట్టి మరిచిపోవడమే పెద్ద ప్రమాదం. జింకు ఎక్కువైతే పేగు గోడ కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రోటీను పెరుగుతుంది. అది జింకు కన్నా రాగినే గట్టిగా పట్టుకుంటుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు రాగి కూడా మలంలో పోతుంది. రాగి లేకపోతే ఇనుము ఎముక మజ్జకు చేరదు, ఉన్న ఇనుము వాడకానికి రాదు. మొదట హిమోగ్లోబిన్ పడుతుంది, దాంతోపాటు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పడిపోతాయి. మజ్జ పరీక్ష చేస్తే రక్త కాన్సరుకు ముందుదశలా కనిపించి అందరినీ భయపెడుతుంది. కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలుతుంది, ఈ నరాల దెబ్బ ఆలస్యమైతే పూర్తిగా కోలుకోకపోవచ్చు. తెల్లకణాలు, ఎర్రకణాలు కలిసి తగ్గిన డయాలసిస్ రోగిని మజ్జ పరీక్షకు పంపేముందు "జింకు మాత్ర వాడుతున్నారా, ఎన్నాళ్లుగా" అని అడిగి, రక్తంలో రాగి, దాన్ని మోసే సెరులోప్లాస్మిన్ చూడండి. మాత్ర మీద అంకె కూడా జాగ్రత్తగా చదవాలి. 220 మిల్లీగ్రాముల జింకు సల్ఫేటులో అసలు జింకు 50 మిల్లీగ్రాములే, రెండింటినీ కలగాపులగం చేసి చీటీ రాస్తే మోతాదు నాలుగింతలు మారిపోతుంది. మాత్ర వాడుతున్నంత కాలం రెండు మూడు నెలలకొకసారి జింకు, రాగి రెండూ చూడాలని మా అభిప్రాయం.

పరీక్ష తీసే పద్ధతి తప్పితే ఈ అంకెలకు విలువ లేదు. మామూలు ట్యూబు రబ్బరు మూతలోంచే జింకు దిగుతుంది. ముదురు నీలం మూత ఉన్న, లోహాలు లేని ట్యూబు వాడాలి. డయాలసిస్ మొదలుకాక ముందు, హెపారిన్ ఇవ్వకముందు తీయాలి. కణాలు చిట్లిన నమూనా పారేసి మళ్లీ తీయాలి, ఎర్రకణాల నిండా జింకే కాబట్టి లోపమున్న మనిషికి కూడా మామూలు అంకె వస్తుంది. జింకును మోసే ఆల్బుమిన్ అనే ప్రోటీను తక్కువుంటే జింకు తక్కువగా కనిపిస్తుంది. ఒంట్లో చీము, వాపు ఉంటే రాగి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆల్బుమిన్, వాపును చూపే సీఆర్పీ పక్కనే చూసుకోవాలి. సెలీనియం కూడా ఈ రోగుల్లో తగ్గుతుంది, ఎర్రకణం పొరను కాపాడే ఎంజైముకు అది కావాలి. పరీక్ష లేకుండా మాత్రలు మాత్రం ఇవ్వొద్దు, మంచికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ.

సూది విషయమూ చెప్పి తీరాలి. ఎరిత్రోపొయెటిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, కుదపకూడదు. రాయదుర్గం నుంచో మడకశిర నుంచో మే నెల బస్సులో కవరులో పెట్టుకుని తెచ్చిన సూది మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం. కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్ ఎంత వేడెక్కిందో చెప్పే థర్మామీటరు ప్రతి కేంద్రంలో ఉండాలి. సూది బాగా పనిచేసిన రోగికి ఉన్నట్టుండి వారానికి అర గ్రాము, గ్రాము చొప్పున హిమోగ్లోబిన్ పడిపోతూ, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) మైక్రోలీటరుకు పది వేల లోపుకు వచ్చి, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు మామూలుగా ఉంటే, ఆ మందుకే ఒంట్లో యాంటీబాడీలు పుట్టాయేమో చూడాలి. అప్పుడు డోసు పెంచడం హాని, సూది ఆపాలి.

అనవసరంగా రక్తం ఎక్కించడం ఎందుకు వద్దంటున్నామంటే, ప్రతి యూనిట్‌తో పరాయి కణాల మీద యాంటీబాడీలు పెరగొచ్చు. రేపు ఇంట్లోవాళ్లు కిడ్నీ ఇస్తామన్నా, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో వంతు వచ్చినా, దాత కణాలతో పొసుగుతుందో చూసే క్రాస్‌మ్యాచ్ కుదరక వెనక్కి రావాల్సి వస్తుంది. ముప్పై ఏళ్ల రోగికి అది జీవితకాలపు నష్టం. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎక్కించక తప్పదు, అందులో రెండో మాట లేదు.

మేం అడిగేవి మూడే. ప్రతి కేంద్రంలో రోగులు కూర్చునే చోట గోడ మీద ఆ రోజు క్లోరిన్ అంకె, పరీక్షించిన సమయం, చివరి పూర్తి నీటి రిపోర్టు తెలుగులో అతికించాలి. పూర్తి రసాయన పరీక్ష ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకటి, వానలయ్యాక ఒకటి చేయించాలి, నీటి వనరు మారినప్పుడల్లా ఇంకొకటి. ఈ షరతులు కేంద్రం నడిపే సంస్థతో చేసుకునే ఒప్పందంలోనే ఉండాలి, అలా ఉంటేనే బిల్లు ఆపే అధికారం మీకుంటుంది. మూడోది డాక్టర్లకు. మూడు నెలలు సరైన డోసు ఇచ్చినా హిమోగ్లోబిన్ 10 చేరని రోగికి డోసు పెంచేముందు ఒక కాగితం నింపాలి: ఇనుము, ఫెరిటిన్, టీశాట్ (ట్రాన్స్‌ఫెరిన్ ఎంత శాతం ఇనుముతో నిండిందో), సీఆర్పీ, పారాథైరాయిడ్ హార్మోను, బీ12, రెటిక్యులోసైట్లు, ఎంసీవీ, జింకు, రాగి, అల్యూమినియం, వాడుతున్న అన్ని మందులు, ఆ కేంద్రం నీటి రిపోర్టు తేదీ.

కాలువ నీళ్లు ఆగి మీ ఆసుపత్రి బోరుకో ట్యాంకరుకో మారే రోజు దగ్గర్లోనే ఉంటుంది. ఆ రోజు ఉదయం మొదటి షిఫ్టుకు ముందే నమూనాలు తీయించండి. లోహాలకు ల్యాబు ఇచ్చిన యాసిడ్‌తో కడిగిన సీసా, ఫ్లోరైడుకు ప్లాస్టిక్ సీసా. ముడినీళ్లు ఒకటి, ఆర్వో దాటాక ఒకటి, చిట్టచివరి యంత్రం దగ్గర ఒకటి. సీసాల మీద తేదీ, సమయం, ఏ నీళ్లో రాయించండి.

ఇట్లు,
డయాలసిస్ యూనిట్లలో, నీటిశుద్ధి ప్లాంట్లలో, ల్యాబుల్లో పనిచేసేవాళ్లం
అనంతపురం